బడి నుంచి తీసేసే ముందు: ఇంగ్లండ్ చట్టం అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఒక విద్యార్థిని బడి నుంచి శాశ్వతంగా తీసేసే అధికారం ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరు హెడ్‌టీచర్. పాలక మండలికి ఆ అధికారం లేదు, స్థానిక కౌన్సిల్‌కూ లేదు. అదే దేశంలో 2010 నాటి సమానత్వ చట్టం కూడా అమల్లో ఉంది. వైకల్యం, జాతి, మతం, ఆడా మగా అన్న తేడాల వల్ల ఏ విద్యార్థికీ నష్టం జరగకూడదని అది బడులను కట్టడి చేస్తుంది. హెడ్‌టీచర్ అధికారం, ఈ చట్టం ఒకే పిల్లవాడి విషయంలో ఎదురుపడితే ఏమవుతుంది? తల్లిదండ్రులు ఎవరి దగ్గరికి వెళ్లాలి? వెళితే ఏం దక్కుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ చర్చ ఇప్పుడు ఎందుకంటే, తొలగింపులు వేగంగా పెరిగాయి. 2012–13 విద్యాసంవత్సరంలో ఇంగ్లండ్ ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో 4,630 శాశ్వత తొలగింపులు జరిగాయి. 2021–22లో అవి 6,495. ఆ మరుసటి ఏడు 9,376. 2023–24లో 10,885. అంటే ప్రతి 10,000 మంది విద్యార్థులకు సుమారు 13. అదే ఏడాది తాత్కాలిక సస్పెన్షన్లు 9,54,952. శాశ్వత తొలగింపులకు బడులు ఎక్కువగా చూపే కారణం కత్తో, మత్తుమందో కాదు. తరగతిని పదే పదే చెదరగొట్టే ప్రవర్తన.

తెలుగువారికి ఇందులో సంబంధం లేకపోలేదు. వైద్యం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద బ్రిటన్ వెళ్లి, పిల్లల్ని అక్కడి ప్రభుత్వ బడుల్లో చేర్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు ఇక్కడి చట్టానికి అలవాటుపడి వెళతారు. మన విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి, పరీక్ష తప్పినవారిని అదే తరగతిలో ఉంచడానికి వీలు కల్పించారు. తీసేయడం మీద నిషేధాన్ని మాత్రం కదపలేదు. ఇంగ్లండ్‌లో అలాంటి గీత లేదు. ప్రాథమిక బడి పిల్లవాడిని కూడా శాశ్వతంగా తీసేయవచ్చు. చట్టం అక్కడ ‘తీసేయవద్దు’ అనదు. ‘తీసేసే ముందు ఏం ఆలోచించారు, ఎందుకు తీసేశారు’ అని అడుగుతుంది. కోర్టుల్లో నడిచే వాదమంతా ఈ ప్రశ్న చుట్టూనే.

ఏది తొలగింపు, ఏది కాదు

చట్టం రెండు రకాలనే గుర్తిస్తుంది. మొదటిది సస్పెన్షన్. ఒక విద్యాసంవత్సరంలో మొత్తం కలిపి 45 బడి రోజులు దాటకూడదు. రెండోది శాశ్వత తొలగింపు. పాలక మండలి వెనక్కి తీసుకుంటే తప్ప ఆ పిల్లవాడు ఆ బడికి తిరిగి రాడు. ఏ రకమైనా క్రమశిక్షణ కారణంగానే జరగాలి. మార్కులు తక్కువని, తల్లిదండ్రులు గొడవపడుతున్నారని, పిల్లవాడికి కావలసిన ప్రత్యేక సాయం తమ దగ్గర లేదని తీసేస్తే అది చట్టవిరుద్ధం.

ఈ రెండింటి మధ్య మూడోది ఏదీ లేదు. ‘ఇవాళ్టికి ఇంటికి తీసుకెళ్లండి, కాస్త కుదుటపడ్డాక పంపండి’ అని ఫోన్ చేసి పంపేయడం చట్టం దృష్టిలో తప్పు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా తప్పే. ‘తీసేస్తే రికార్డులో మచ్చ పడుతుంది, మీరే ఇంట్లో చదివిస్తామని రాసివ్వండి’ అని ఒత్తిడి చేయడాన్ని ఆఫ్‌రోలింగ్ (బడి తన ప్రయోజనం కోసం పిల్లవాడి పేరు పట్టీ నుంచి జారవిడవడం) అంటారు. మన దగ్గర టీసీ చేతిలో పెట్టి పంపడం లాంటిదే ఇది. కాగితం మీద తొలగింపు ఉండదు కాబట్టి అప్పీలుకు అవకాశమూ ఉండదు. అందుకే ఇది అధికారిక తొలగింపు కంటే పిల్లవాడికి ఎక్కువ నష్టం చేస్తుంది.

శాశ్వత తొలగింపుకు రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, బడి ప్రవర్తనా నియమాలను తీవ్రంగా గానీ, పదే పదే గానీ ఉల్లంఘించి ఉండాలి. రెండు, ఆ విద్యార్థిని బడిలో ఉండనిస్తే అతనికో, మిగతావారికో చదువులోనో, క్షేమంలోనో తీవ్రమైన హాని జరిగేలా ఉండాలి. రెండూ ఉండాలి. ఒకటే చాలదు. జరిగిందా లేదా అన్నది తేల్చడానికి క్రిమినల్ కేసుల్లోలాగా అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు. జరగలేదనడం కంటే జరిగిందనడానికే ఎక్కువ అవకాశం ఉంటే సరిపోతుంది. ఈ షరతులు విద్యాశాఖ మార్గదర్శకాల్లో ఉన్నాయి. మార్గదర్శకాలు చట్టం కావు. కానీ హెడ్‌టీచర్, పాలక మండలి వాటిని లెక్కలోకి తీసుకుని తీరాలని చట్టం చెబుతుంది. సరైన కారణం లేకుండా పక్కన పెడితే నిర్ణయం బలహీనపడుతుంది.

తీసేశాక జరిగే వరుస

నిర్ణయం తీసుకున్న వెంటనే హెడ్‌టీచర్ తల్లిదండ్రులకు కారణాలతో ఉత్తరం ఇవ్వాలి. మొదటి ఐదు బడి రోజులు పిల్లవాడు బడి వేళల్లో సరైన కారణం లేకుండా బయట తిరగకుండా చూసుకోవడం తల్లిదండ్రుల బాధ్యత. లేకపోతే జరిమానా పడవచ్చు. ఆరో బడి రోజు నుంచి అతనికి వేరేచోట పూర్తిస్థాయి చదువు ఏర్పాటు చేయడం స్థానిక కౌన్సిల్ బాధ్యత.

15 బడి రోజుల్లోపు పాలక మండలి సమావేశమై హెడ్‌టీచర్ నిర్ణయాన్ని పరిశీలించాలి. తల్లిదండ్రులు వచ్చి తమ మాట చెప్పుకోవచ్చు. పిల్లవాడిని తిరిగి చేర్చుకోమని చెప్పే అధికారం ఈ మండలికి ఉంది. అయితే వాళ్లు ఆ బడి మనుషులే. హెడ్‌టీచర్‌తో కలిసి పనిచేసేవారు ఆయన నిర్ణయాన్ని తిరగతిప్పడం తేలిక కాదు.

అక్కడ కాదంటే మరో 15 బడి రోజుల్లోపు స్వతంత్ర సమీక్షా మండలిని కోరవచ్చు. బడులతో వృత్తి సంబంధం లేని వ్యక్తి దీనికి అధ్యక్షత వహిస్తారు. ఒక హెడ్‌టీచర్, ఒక పాలక మండలి సభ్యుడు కూడా ఉంటారు. వీళ్లు ఆ బడికి చెందినవారు కాకూడదు. పిల్లవాడికి ప్రత్యేక విద్యావసరాలు ఉన్నాయని తల్లిదండ్రులు భావిస్తే, బడి దాన్ని ఒప్పుకోకపోయినా సరే, ఒక నిపుణుణ్ణి మండలి ముందుకు రప్పించమని అడగవచ్చు. ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద పడదు. ఈ హక్కు సంగతి తెలిసి వాడుకుంటే విచారణ తీరే మారిపోతుంది.

ఈ మండలి చేయగలిగినవి మూడు. నిర్ణయాన్ని సమర్థించవచ్చు. మరోసారి ఆలోచించమని పాలక మండలికి సిఫారసు చేయవచ్చు. లేదా నిర్ణయాన్ని కొట్టేసి, మళ్లీ పరిశీలించమని ఆదేశించవచ్చు. మూడోది చేయాలంటే ఆ నిర్ణయం చట్టవిరుద్ధంగానో, అహేతుకంగానో, విచారణ పద్ధతి తప్పిగానో ఉండాలి. ‘మేమైతే ఇలా చేసేవాళ్లం కాదు’ అనుకున్నంత మాత్రాన చాలదు. లెక్కల మాస్టారు లెక్క చేసిన తీరులో తప్పు గుర్తించి ‘మళ్లీ చెయ్యి’ అంటాడు గానీ జవాబు తాను రాయడు చూడండి, సమీక్షా మండలి స్థానం అది. తిరిగి చేర్చుకోమని ఆదేశించే అధికారం దానికి లేదు. పాలక మండలి మళ్లీ కూర్చుని అదే నిర్ణయానికి రావచ్చు. ఆదేశం తర్వాత కూడా పది బడి రోజుల్లో పిల్లవాడిని వెనక్కి పిలవకపోతే బడి 4,000 పౌండ్లు వదులుకోవలసి రావచ్చు. అంతవరకే.

2012కు ముందు ఇలా లేదు. అప్పటి స్వతంత్ర అప్పీలు మండళ్లు తిరిగి చేర్చుకోమని నేరుగా ఆదేశించగలిగేవి. హెడ్‌టీచర్ల అధికారాన్ని ఇది బలహీనపరుస్తోందని అప్పటి సంకీర్ణ ప్రభుత్వం భావించింది. 2011 విద్యా చట్టంతో ఆ అధికారం పోయింది. వేల్స్ మాత్రం పాత పద్ధతినే ఉంచుకుంది.

పాత పద్ధతిలోనూ ఆదేశం వచ్చినంత మాత్రాన అన్నీ చక్కబడలేదు. 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటికి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం) ముందుకు ఒక కేసు వచ్చింది. అప్పీలు మండలి ఒక విద్యార్థిని తిరిగి చేర్చుకోమంది. ఉపాధ్యాయులు అతనికి పాఠం చెప్పబోమని భీష్మించారు. బడి అతన్ని మిగతా పిల్లల నుంచి వేరుగా కూర్చోబెట్టి చదివించింది. ఇది కూడా తిరిగి చేర్చుకోవడమేనని ముగ్గురు న్యాయమూర్తులు, కాదని ఇద్దరు అన్నారు. చేర్చుకోమని కాగితం తెచ్చుకోవడం వేరు, తరగతిలో చోటు దక్కడం వేరు అని ఈ కేసు చూపింది.

సమానత్వ చట్టం ఎక్కడ తగులుతుంది

పైన చెప్పినదంతా తొలగింపు చట్టం. సమానత్వ చట్టం దీనికి పక్కగా నడిచే మరో దారి. దాని 85వ సెక్షన్ బడులను నేరుగా పట్టుకుంటుంది. వివక్షతో ఒక విద్యార్థిని తీసేయకూడదు అంటుంది. ఇక్కడ వివక్ష అంటే ద్వేషం ఒక్కటే కాదు. అది నాలుగు రూపాల్లో రావచ్చు.

మొదటిది నేరుగా జరిగేది. ఒకే తప్పుకు ఒక జాతి పిల్లవాడిని మందలించి, మరో జాతి పిల్లవాడిని తీసేయడం.

రెండోది పరోక్షంగా జరిగేది. నియమం అందరికీ ఒకటే. దాని దెబ్బ మాత్రం ఒక వర్గం మీదే పడుతుంది. లండన్ హారో ప్రాంతంలోని సెయింట్ గ్రెగరీస్ బడి కేసు దీనికి మంచి ఉదాహరణ. 2009 సెప్టెంబరులో ఆఫ్రికన్ కరీబియన్ కుటుంబానికి చెందిన 11 ఏళ్ల అబ్బాయి మొదటిరోజు బడికి వచ్చాడు. తలకు అంటిపెట్టుకుని వరుసలుగా అల్లిన సన్నజడలు ఉన్నాయని అతన్ని వెనక్కి పంపారు. ముఠాల సంస్కృతి లోపలికి రాకుండా ఈ నియమం పెట్టామని బడి చెప్పింది. అలా అల్లుకోవడం తమ కుటుంబ సంప్రదాయమని వాళ్లు చెప్పారు. ముఠాలను దూరం పెట్టాలన్న ఉద్దేశాన్ని హైకోర్టు తప్పుపట్టలేదు. అయితే ఏ మినహాయింపూ లేకుండా అమలు చేయడం పరోక్ష జాతి వివక్ష అని 2011లో తేల్చింది.

మూడోది వైకల్యం వల్ల కలిగే పర్యవసానానికి శిక్షించడం. నాలుగోది సమంజసమైన సర్దుబాట్లు చేయకపోవడం. తొలగింపు కేసుల్లో ఎక్కువగా నడిచేవి ఈ రెండే. కాబట్టి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఆటిజం ఉన్న పిల్లవాడు ఒకడున్నాడు. గంట కొట్టగానే వరండాలో పిల్లల తోపులాట, అరుపులు అతనికి భరించరానివి. ఒకరోజు ఎవరో తగిలితే తోసేశాడు. పడినవాడికి దెబ్బ తగిలింది. బడి దృష్టిలో ఇది దాడి. చట్టం ఇక్కడ ఒక్కొక్క ప్రశ్నే వేస్తుంది. ఆ తోపుకు, అతని ఆటిజానికి సంబంధం ఉందా? ఉంటే, అతనికి వైకల్యం ఉందని బడికి తెలుసా, తెలిసి ఉండవలసిందా? గంటకు రెండు నిమిషాల ముందు అతన్ని తరగతి మార్చడం వంటి చిన్న ఏర్పాటు ఏదైనా చేశారా? అవన్నీ చేసినా ప్రమాదం తగ్గలేదా? చివరగా, మిగతా పిల్లలను కాపాడే ఉద్దేశానికి శాశ్వత తొలగింపు తప్ప తక్కువ మార్గం లేదా? ఈ చివరి ప్రశ్నకు బడి దగ్గర నమ్మదగిన జవాబు ఉంటే తొలగింపు నిలుస్తుంది. మధ్యలో ఎక్కడ జవాబు లేకపోయినా నిర్ణయం కదులుతుంది.

రెండో ప్రశ్నను తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించాలి. పిల్లవాడి పరిస్థితి బడికి తెలియదని, తెలిసే అవకాశం కూడా లేదని రుజువైతే మూడో రకం వివక్ష కేసు నిలవదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, ఒకచోట కుదురుగా ఉండలేని స్థితి) అన్న మాట రికార్డుకెక్కితే పిల్లవాడి మీద ముద్ర పడుతుందని దాచే తల్లిదండ్రులు ఉంటారు. ఆ సంకోచం అర్థమయ్యేదే. కానీ చట్టపరంగా దాని ఖరీదు ఎక్కువ.

‘దాడి స్వభావం’ మినహాయింపు ఎలా పోయింది

2018 దాకా ఈ దారిలో ఒక పెద్ద అడ్డు ఉండేది. సమానత్వ చట్టం కింద చేసిన 2010 నిబంధనల్లో, ఇతరులను శారీరకంగా గానీ లైంగికంగా గానీ హింసించే స్వభావాన్ని వైకల్యంగా లెక్కించరాదు అని ఉంది. నిప్పు పెట్టే స్వభావం, దొంగతనం చేసే స్వభావం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. పెద్దవాళ్ల నేరాలకు చట్టం సాకు కాకూడదన్నది ఉద్దేశం. బడుల్లో మాత్రం దాని ఫలితం వేరుగా ఉంది. ఆటిజం ఉన్న పిల్లవాడు భయంతో కొడితే, ఆ ఒక్క విషయంలో అతనికి చట్టం రక్షణే లేకుండా పోయేది. సర్దుబాట్లు చేశారా, తక్కువ శిక్ష సరిపోయేదా అన్న ప్రశ్నలు అక్కడ పుట్టేవే కావు.

ఆటిజం ఉన్న 11 ఏళ్ల అబ్బాయి కేసు దీన్ని మార్చింది. సహాయ ఉపాధ్యాయురాలిని కొట్టిన సంఘటనల తర్వాత అతన్ని ఒకటిన్నర రోజు సస్పెండ్ చేశారు. శిక్ష చిన్నదే. కానీ కింది ట్రిబ్యునల్ ఆ మినహాయింపును చూపి, ఇది వివక్ష చట్టం కిందికి రాదంది. 2018 ఆగస్టులో అప్పర్ ట్రిబ్యునల్ ఆ తీర్పును తిరగతిప్పింది. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక విద్యాహక్కును ఇచ్చింది, ఆ హక్కులో వివక్ష కూడదనీ అంది. దూకుడు ప్రవర్తనకు దారితీసే వైకల్యం ఉన్న పిల్లలకు బడి విషయంలో ఈ మినహాయింపును వర్తింపజేస్తే ఆ హక్కు దెబ్బతింటుంది. కాబట్టి వర్తింపజేయరాదని తేల్చింది.

ఈ తీర్పును కొట్టే పిల్లవాడిని తీసేయకూడదన్నట్టు చదివితే పొరపాటు. అది చెప్పింది ఒక్కటే. బడి తన నిర్ణయాన్ని సమర్థించుకోవాలి. అంతకుముందు ఆ అవసరమే ఉండేది కాదు.

ప్రభుత్వ సంస్థల మీద ఉన్న మరో బాధ్యత

ఇప్పటిదాకా చెప్పినవి ఒక పిల్లవాడికి జరిగిన అన్యాయం గురించి. సమానత్వ చట్టం 149వ సెక్షన్‌లో మరో రకం బాధ్యత ఉంది. ప్రభుత్వ సంస్థలు ఏ పని చేస్తున్నా మూడు అవసరాల మీద తగినంత శ్రద్ధ పెట్టాలని అది చెబుతుంది. వివక్షను, వేధింపులను తొలగించడం. అందరికీ సమాన అవకాశాలు పెంచడం. వేర్వేరు వర్గాల మధ్య సత్సంబంధాలు పెంచడం. ప్రభుత్వ నిధులతో నడిచే బడులకు, అకాడమీలకు (కౌన్సిల్ అజమాయిషీ లేకుండా ట్రస్టుల కింద నడిచే ప్రభుత్వ బడులకు) ఇది వర్తిస్తుంది. పూర్తి ప్రైవేటు బడులకు 85వ సెక్షన్ వర్తిస్తుంది గానీ ఈ బాధ్యత వర్తించదు.

ఈ బాధ్యత మూలం ఒక హత్య. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి జాతి ద్వేషంతో చంపారు. పోలీసు దర్యాప్తు ఎందుకు విఫలమైందో పరిశీలించిన మాక్‌ఫర్సన్ నివేదిక 1999లో వచ్చింది. సంస్థలో ఏ ఒక్కరూ కావాలని చేయకపోయినా, సంస్థ పనిచేసే పద్ధతిలోనే వివక్ష ఉండవచ్చని ఆ నివేదిక చెప్పింది. దాని ఫలితంగా 2000లో జాతి సంబంధాల చట్టాన్ని సవరించి ఈ బాధ్యతను తెచ్చారు. తర్వాత వైకల్యానికి, స్త్రీ పురుష సమానత్వానికి విడివిడిగా ఇలాంటివే వచ్చాయి. 2011 ఏప్రిల్ నుంచి అన్నీ ఒకటయ్యాయి.

‘శ్రద్ధ పెట్టాలి’ అన్నది వినడానికి మెత్తగా ఉంటుంది. కోర్టులు దానికి పదును పెట్టాయి. పోస్టాఫీసుల మూసివేత మీద నడిచిన 2008 నాటి బ్రౌన్ కేసులో హైకోర్టు కొన్ని సూత్రాలు చెప్పింది. ఆలోచన నిర్ణయానికి ముందు జరగాలి, తర్వాత సమర్థన కోసం కాదు. నిర్ణయం తీసుకునేవారే ఆలోచించాలి, మరొకరి మీదికి నెట్టకూడదు. గళ్లలో టిక్కులు పెట్టి వదిలేస్తే చాలదు. ఆలోచించినట్టు రాసి ఉంచుకోవడం మంచిది. 2020లో అప్పీలు కోర్టు బ్రిడ్జెస్ కేసులో మరో మెట్టు చేర్చింది. సౌత్ వేల్స్ పోలీసులు ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడారు. అది కొన్ని జాతుల వారి విషయంలోనో, స్త్రీల విషయంలోనో ఎక్కువ తప్పులు చేస్తోందా అన్నది ఎప్పుడూ పరీక్షించలేదు. పక్షపాతం ఉందని రుజువు కానక్కర్లేదని, ఉందేమోనని తెలుసుకునే ప్రయత్నం చేయకపోవడమే ఉల్లంఘన అని కోర్టు అంది.

దీన్ని బడికి అన్వయించి చూడండి. ఏటా ఎవరిని సస్పెండ్ చేస్తున్నారో, అందులో ఒక వర్గం పిల్లలు ఎక్కువగా ఉన్నారో లేదో చూడని బడి, ‘మాకు అలాంటి ఉద్దేశం లేదు’ అంటే సరిపోదు. చూడకపోవడమే లోపం.

బడుల విషయంలో ఈ బాధ్యతను పరీక్షించిన కేసుల్లో వేల్స్‌లోని అబర్‌డేర్ బాలికల బడి కేసు ముఖ్యమైనది. 14 ఏళ్ల సిక్కు అమ్మాయి సన్నని ఉక్కు కడియం, అంటే కడా, వేసుకుని బడికి వచ్చింది. చేతి గడియారం, చెవి పోగులు తప్ప నగలేవీ కూడదన్నది అక్కడి నియమం. మొదట ఆమెను మిగతావారి నుంచి వేరుచేసి కూర్చోబెట్టారు. తర్వాత బడికి రానివ్వలేదు. 2008 జులైలో హైకోర్టు ఇది జాతి, మత పరమైన పరోక్ష వివక్ష అని తేల్చింది. సమానత్వ బాధ్యతను కూడా బడి ఉల్లంఘించిందని విడిగా చెప్పింది. సిక్కులు ఒక జాతిగా చట్టం రక్షణ పొందుతారన్నది అంతకు పాతికేళ్ల ముందే, 1983లో, తలపాగాతో బడిలో చేర్చుకోని ఒక అబ్బాయి కేసులో స్థిరపడింది.

ఈ బాధ్యత ఒక పక్షానికే కాదు. తీసేయబోయే పిల్లవాడి వైకల్యం ఎంత ముఖ్యమో, అతని చేత జాతి పేరుతో తిట్లు తిన్న పిల్లవాడి గౌరవం, లైంగిక వేధింపులకు గురైన అమ్మాయి భద్రత కూడా అంతే ముఖ్యం. వేధింపులను తొలగించడం ఆ మూడు అవసరాల్లో మొదటిదానిలోనే ఉంది. ముప్పై మంది ఉన్న తరగతిని నడిపే ఉపాధ్యాయుడి బాధను చట్టం పక్కన పెట్టలేదు. రెండు వైపులా చూశారా లేదా అని అడుగుతుంది. తక్కెడ ఎటు మొగ్గాలన్నది హెడ్‌టీచర్‌కే వదిలేస్తుంది.

ఎక్కడికి వెళితే ఏం దక్కుతుంది

సమానత్వ వాదనను పాలక మండలి ముందే లేవనెత్తవచ్చు. సమీక్షా మండలి ముందూ లేవనెత్తవచ్చు. చట్టవిరుద్ధమైన నిర్ణయం అనడానికి అది ఒక ఆధారం అవుతుంది. ఇవి కాక మూడు దారులు ఉన్నాయి.

వైకల్యం ఆధారంగా వివక్ష జరిగిందంటే ప్రత్యేక విద్యావసరాల కేసులు వినే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. గడువు ఆరు నెలలు. ఫీజు లేదు. ఇక్కడ నష్టపరిహారం రాదు. క్షమాపణ చెప్పమని, సిబ్బందికి శిక్షణ ఇమ్మని, నియమాలు మార్చమని ఆదేశించవచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా, తిరిగి చేర్చుకోమనీ ఆదేశించవచ్చు. యాష్‌డౌన్ హౌస్ అనే ప్రైవేటు బడి కేసులో 2019లో అప్పర్ ట్రిబ్యునల్ ఈ అధికారాన్ని ధ్రువీకరించింది. అంటే 2012లో సమీక్షా మండలి నుంచి పోయిన అధికారం వైకల్యం ఉన్న పిల్లలకు ఈ దారిలో మిగిలి ఉంది. ట్రిబ్యునల్‌కు వెళితే సమీక్షా మండలి హక్కు పోదు. రెండూ సాగించవచ్చు.

జాతి, మతం, లింగం ఆధారంగా అయితే కౌంటీ కోర్టు (సివిల్ దావాలు వినే స్థానిక కోర్టు). గడువు ఇక్కడా ఆరు నెలలే. నష్టపరిహారం రావచ్చు. కానీ ఖర్చు, ఓడితే ఎదుటివారి ఖర్చు భరించాల్సిన భయం చాలామందిని వెనక్కి లాగుతాయి.

మూడోది హైకోర్టులో జుడీషియల్ రివ్యూ (ప్రభుత్వ సంస్థ నిర్ణయం చట్టప్రకారం జరిగిందో లేదో పరిశీలించడం). 149వ సెక్షన్ ఉల్లంఘనను నేరుగా ప్రశ్నించే చోటు ఇదే. ఆలస్యం చేయకుండా, ఎంత కాదన్నా మూడు నెలల్లో వెళ్లాలి. సమీక్షా మండలి అవకాశం ఉండగా నేరుగా వస్తే కోర్టు సాధారణంగా ఒప్పుకోదు.

మానవ హక్కుల ఒడంబడికలోని విద్యాహక్కు పేరుతో మాత్రం ఎక్కువ ఆశించలేం. తరగతి గదికి నిప్పు పెట్టాడన్న ఆరోపణ మీద 2001లో లార్డ్ గ్రే బడి ఒక విద్యార్థిని దూరం పెట్టింది. ఆ కేసులో 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్, ఒడంబడిక ఇచ్చే హక్కు దేశంలోని విద్యావ్యవస్థను అందుకునే హక్కే గానీ ఫలానా బడిలోనే చదివే హక్కు కాదని చెప్పింది. వేరే చదువు అందుబాటులో ఉంచితే ఆ హక్కు చాలావరకు తీరినట్టే. తొలగింపు కేసుల బరువంతా సమానత్వ చట్టం మీద పడడానికి ఇదొక కారణం.

దెబ్బ ఎవరి మీద పడుతోంది

మాజీ మంత్రి ఎడ్వర్డ్ టింప్సన్ 2019 మే నెలలో ప్రభుత్వానికి ఒక సమీక్ష సమర్పించారు. శాశ్వతంగా తీసేసిన వారిలో 78 శాతం మందికి మూడు పరిస్థితుల్లో ఒక్కటైనా ఉంది. ప్రత్యేక విద్యావసరాలు ఉండడం, సాంఘిక సంక్షేమ సిబ్బంది పర్యవేక్షణ అవసరమైన కుటుంబం కావడం, పేదరికం వల్ల ఉచిత భోజనానికి అర్హత ఉండడం. మిగతా అంశాల ప్రభావాన్ని తీసేసి చూసినా నల్లజాతి కరీబియన్ పిల్లలను తీసేసే అవకాశం శ్వేతజాతి బ్రిటిష్ పిల్లల కంటే 1.7 రెట్లు ఎక్కువ. భారతీయ, బంగ్లాదేశీ పిల్లల విషయంలో అది దాదాపు సగమే.

ఈ చివరి అంకె చూసి మన కుటుంబాలు ఊరట పడవచ్చు. కానీ సగటు ఒక్కో పిల్లవాడి గురించి చెప్పదు. ఆటిజం ఉన్న తెలుగు పిల్లవాడికి, అది లేని తెలుగు పిల్లవాడికి ముప్పు ఒకటి కాదు. తీసేసే ఉత్తరం చేతికొచ్చినప్పుడు లెక్కలోకి వచ్చేది అతని జాతి సగటు కాదు, అతని గురించి బడికి ముందే రాసిచ్చిన కాగితాలు.

మొత్తం వ్యవస్థలో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. తీసేశాక దొరికే పరిష్కారాలన్నీ కుంటివే. తిరిగి చేర్చుకోమని సమీక్షా మండలి ఆదేశించజాలదు. కౌంటీ కోర్టు డబ్బిస్తుంది గానీ, ఆ డబ్బు వచ్చేసరికి చదువు నడిచిపోతుంది. ట్రిబ్యునల్ ఆదేశించగలదు గానీ విచారణకు వారాలు, నెలలు పడతాయి. పదహారో ఏట రాసే జీసీఎస్‌ఈ పరీక్షల ముందు ఆ నెలలే పిల్లవాడి చదువును నిర్ణయిస్తాయి. సమానత్వ బాధ్యతకు అసలు బలం ఉన్నది తీర్పులో కాదు, తీర్పు భయం బడిలో పుట్టించే అలవాటులో. తన నిర్ణయం రేపు ఎవరి ముందైనా నిలబడాలని తెలిసిన హెడ్‌టీచర్ ఉత్తరం రాసే ముందు ఫైలు తెరుస్తారు. ఏ సర్దుబాటు చేశాం, ఏది చేయలేదు అని చూస్తారు. చూశాక కూడా తీసేయాలనే అనిపిస్తే, ఆ నిర్ణయం కోర్టులో నిలిచే అవకాశం ఎక్కువ. చూశాక వేరే దారి కనిపిస్తే కేసే ఉండదు.

అందువల్ల తల్లిదండ్రులు చేయగలిగిన పని కూడా ఉత్తరం రాకముందే ఎక్కువ. మొదటి సస్పెన్షన్ రోజునే కారణం రాతపూర్వకంగా అడగాలి. ‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్న ప్రతి ఫోన్‌ను తేదీతో రాసుకోవాలి. వైద్యుడి నివేదిక ఉంటే బడికి ఇచ్చి, అందినట్టు తీసుకోవాలి. ఏ సర్దుబాటు కావాలో పేరు పెట్టి అడగాలి. బడి చేస్తే మంచిది. చేయకపోతే, అడిగినట్టు కాగితం ఉంటుంది.